పిలిచి తినే పుంజు

కరీంనగర్‌లో మా సందు చివర ఒక కోళ్ళ దుకాణం ఉంది. ఆదివారం పొద్దున అక్కడ నిలబడటం నాకు పెద్ద పరీక్ష. బ్రాయిలర్ కోళ్ళయితే ఫరవాలేదు. అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి, దుకాణం అతను చేతికి దొరికినదాన్ని తీసి తూస్తాడు, మన దారి మనం చూసుకుంటాం. ఊరకోళ్ళ జాలీ దగ్గరికి వచ్చేసరికే నాకు చిక్కు. "ఏది తియ్యమంటవమ్మా?" అని అడుగుతాడు. నా వేలు లేవదు. మొన్న కూడా లేవలేదు. నా వెనక నిలబడ్డ మనిషి విసుక్కుని, "ఆ ఎర్రది తీయి బై, ఈమె పొద్దుగూకెదాంక సూస్తది" అన్నాడు. నేను కోడి లేకుండానే ఇంటికి వచ్చి పప్పు వండాను. మా ఆయన పళ్ళెం చూసి, పప్పే కలుపుకుని తిన్నాడు. ఎందుకో ఆయనకు తెలుసు.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. మేము ఇక్కడికి రాకముందు, నస్పూర్ బొగ్గుగని క్వార్టర్లలో మా పక్కింటి మనిషి. పేరు రాయను, రాసినా మా లైనులో, అంటే ఆ క్వార్టర్ల వరసలో, ఎవరూ గుర్తుపట్టరు. అక్కడ ఆడవాళ్ళకు పుట్టినూరి పేరే పేరు. ఆమె బోథ్ నుంచి వచ్చింది కాబట్టి అందరికీ బోథ్ అక్క. నేను సుల్తానాబాద్ దాన్ని. అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారని ఆమే దాన్ని కోసి 'సుల్తాన్' చేసింది. పెళ్ళయిన కొత్తలో, "ఓ సుల్తాన్, నల్లా వచ్చింది, బిందె పట్టుకరా" అని గోడ అవతలి నుంచి కేక వేస్తే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత ఆ పిలుపు వినపడకపోతే పొద్దు గడిచేది కాదు.

రెండిళ్ళ పెరళ్ళకు మధ్య నడుమెత్తు గోడ. మనుషులకే అది గోడ, ఆమె కోళ్ళకు కాదు. తిండి వాళ్ళింట్లో, రెట్ట మా ఇంట్లో. నేను చీపురు పట్టుకుని తిడుతూ తరిమితే ఆమె అటు పక్క నుంచి తీరిగ్గా, "తిట్టు చెల్లె, తిట్టు. రేపు గుడ్డు పెడితె అది నీదే" అనేది. నిజంగానే మా కట్టెల సందున పెట్టిన గుడ్డు ఒక్కసారి కూడా వెనక్కి అడగలేదు.

పొడుగు మనిషి. నడుస్తున్నప్పుడు తల కొంచెం ఒక పక్కకు వంచేది, ఎవరో వెనక నుంచి పిలుస్తున్నట్టు. నూకలు చెరిగేటప్పుడు నోట్లో వేపపుల్ల కదులుతూ ఉండేది. ఎవరి గురించీ చెడు చెప్పేది కాదు, చెప్పాల్సి వస్తే కోళ్ళ మీద పెట్టి చెప్పేది. మా లైనులో ఒకామె ప్రతి గొడవలోనూ దూరుతుంటే, "ఆమెది పొదుగుడు కోడి బుద్ధి, అందరి గుడ్ల మీద కూసుంటది" అంది. ఆ మాట ఆమెకు అంటుకుపోయింది, ఇప్పటికీ వదల్లేదు.

అయితే ఆమెను తలచుకుంటే నా కళ్ళ ముందు మెదిలేది ఒక్కటే. పెరట్లో చిన్న పీట వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పుంజుపిల్లల ముందు కూర్చున్న ఆమె. గుప్పెడు నూకలు చల్లి, మాట్లాడకుండా, కదలకుండా చూస్తూ ఉండటం.

కోళ్ళను పెంచినవాళ్ళకు చెప్పనవసరం లేదు. పొదిగిన పిల్లల్లో సగం మగవే అవుతాయి. చిన్నప్పుడు అన్నీ ఒక్కటే, తల్లి రెక్కల కింద దూరే దూది ఉండలు. పెరిగేకొద్దీ మగబుద్ధులు బయటపడతాయి. ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, పెట్టల వెంట పడతాయి, వాటి వీపు మీద ఈకలు పీకి పెడతాయి. "ఇంటికి ఒక్క పుంజు సాలు చెల్లె. అందరు పటేళ్ళే అయితె పని ఎవలు చేస్తరు?" అనేది ఆమె. కాబట్టి మిగిలినవి కూరకు పోవాల్సిందే. ఎప్పుడు, ఏది అన్నదే లెక్క.

ఎప్పుడన్నది పుంజుపిల్ల గొంతే చెబుతుంది. మొదటి కూత ఎంత చండాలంగా ఉంటుందో విన్నవాళ్ళకే తెలుసు. చలికాలం పొద్దున పాత స్కూటర్‌ను తన్నినట్టు మధ్యలోనే ఆగిపోతుంది. మేమందరం నవ్వేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు. చేతిలో పని ఆపి, తల వంచి, ఏ మూల నుంచి వచ్చిందో చూసేది. ఇక ఆ రోజు నుంచి దాని కాళ్ళ మీదే ఆమె కన్ను. కాలి వెనక ముల్లు జొన్నగింజంత అయ్యేలోపు తేల్చేయాలి. "అప్పటిదాంక పిల్ల. అది దాటితె పోరడు. ఇంకింత ఆగితె తోలు, ఎంత ఉడుకబెట్టినా సాగుతది."

ఏదన్నదానికి ఆ పీట, ఆ నూకలు. చల్లగానే కొన్ని పుంజులు తల దించి, ఎవరో తరుముతున్నట్టు టకటకా మింగుతాయి. ఎక్కడో ఒక పుంజు మాత్రం గింజను ముక్కుతో ఎత్తి, కింద వేసి, మళ్ళీ ఎత్తి, కొక్ కొక్ కొక్ అని పెట్టలను పిలుస్తుంది. అవి వచ్చి తింటుంటే పక్కన నిలబడి చూస్తుంది. కడుపు సగమే నిండుతుంది దానికి. ఆమె లేచి ఆ పిలిచినదాని కాలికి ఒక పేలిక కట్టేది. ఇక దాని జోలికి ఎవరూ పోకూడదు, దాన్ని అమ్మమని అడగకూడదు.

"ఒక్కటే తినేది కూరకు. పిలిచి తినేది ఇంటికి." ఇంతే ఆమె శాస్త్రం.

కోయబోయే పుంజు మీద ఆమెకు కోపం ఉండేది కాదు. ముందు రోజు దానికి చేత్తో అన్నం పెట్టేది. "దాని బుద్ధి దానిది, దానికెరుక లేదు పాపం" అనేది. నేను ఒకసారి మొండికేశాను. ఒక పుంజు ఉండేది, నల్లటి తోకలో ఆకుపచ్చ మెరుపు, ఎండలో నిలబడితే పెళ్ళికొడుకే. దాన్ని కూరకు అంటే నాకు మనసొప్పలేదు. "ఇంత అందమైనదాన్ని కోస్తవా అక్కా?" అన్నాను. "సూడనీకె మంచిగనే ఉన్నది. పెట్టలను అడుగు, చెప్తయి" అంది. నేను అడగలేదు, దాన్ని మా పెరట్లోకి తెచ్చుకున్నాను. నెల తిరక్కుండా అది నా పిక్కలు పొడిచింది, పెట్టలను గింజ ముట్టనివ్వలేదు, చివరికి మా ఆయన మీదికే ఎగిరింది. కూర వండి గోడ మీది నుంచి గిన్నె అందిస్తే ఆమె తీసుకుంది. గిన్నె కడిగి తిరిగిస్తూ, "ఉప్పు జర ఎక్కువైంది సుల్తాన్" అంది.

కోసే పని వాళ్ళాయనది. ఆయనా మా ఆయనా ఒకే గనిలో చేసేవారు. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. పొద్దున సద్దిగిన్నె పట్టుకుని బాయిలోకి దిగిన మనిషి ఆ సద్ది ఒక్కడే తిన్న పాపాన పోలేదు. మధ్యాహ్నం లోపల నలుగురిని కూర్చోబెట్టుకుని ఆ గిన్నె పంచేవాడట, మా ఆయన చెప్పి చెప్పి నవ్వేవాడు. షిఫ్టు దిగి ఇంటికి వస్తే వెంట ఎవరో ఒకరు ఉండాల్సిందే. ఆమె కసురుకుంటూనే మళ్ళీ ఎసరు పెట్టేది. "మా ఇంట్ల పెద్ద పుంజు గీయనే చెల్లె. పిలువకుంట బుక్క మింగడు" అనేది. అలా అంటున్నప్పుడు ఆమె ముఖం చూడాలి. ఆ వెలుగు నేను తర్వాత మళ్ళీ చూడలేదు.

ఒక రోజు రెండో షిఫ్టులో పైకప్పు బండ కూలింది. ఆయన అప్పటికే అవతలికి వచ్చేశాడు. లోపల ఎవరో అరుస్తున్నారని వెనక్కి తిరిగాడు. ఆ అరిచిన మనిషి కాలు విరిగి బయటికి వచ్చాడు. ఈయన రాలేదు.

శవాన్ని తెచ్చిన వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు. ఆమె ఏడ్వలేదు. ఒక్కొక్కరి ముఖంలోకి చూసి ఒకటే అడిగింది: "ఎనుకకు ఎందుకు తిరిగిండు?" చెప్పడానికి ఏముంది? ఆ జవాబు అందరికంటే ఆమెకే బాగా తెలుసు. పది రోజులూ వచ్చిన ప్రతి ఒక్కరినీ అదే అడిగింది.

గనిలో మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఒక్కరికే. బయటివాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం. చావు ఇంట్లో ఉండగానే ఆ మాట మొదలవుతుంది, దాని కోసం అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్ళు మా లైనులోనే ఉన్నాయి. మాకు అది బంగారుగుడ్డు. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఐటీఐ చదివి ఖాళీగా ఉన్నాడు. మెత్తని వాడు, నన్ను చిన్నమ్మా అని పిలిచేవాడు. చిన్నవాడు క్రికెట్ బ్యాటు పట్టుకుని తిరిగేవాడు, వేళకు వచ్చి తిని పోవడం తప్ప వేరే పని లేదు. బోథ్ నుంచి వచ్చిన ఆమె అన్నలు, మరుదులు, లైనులో పెద్దలు, అందరూ పెద్దవాడి పేరే అన్నారు. అనడానికేముంది, వరస అదే కదా. కాగితాల మీద ఆమె వేలిముద్ర వేయడమే తరువాయి.

"ఆగుండ్రి జర" అంది ఆమె.

దినాలయ్యాక ఒక ఆదివారం నన్ను పిలిచింది. వెళ్ళేసరికి కోడికూర వాసన. చిన్నవాడితో ఒక పుంజును కోయించింది. కొడుకులిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, రెండు పళ్ళేల్లో అన్నం పెట్టింది. కూర మాత్రం ఎవరికీ వడ్డించలేదు. గిన్నె తెచ్చి ఇద్దరి నడుమ పెట్టింది. తర్వాత పెరట్లోని పీట తెచ్చి గడప దగ్గర వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

ఆ కూర్చోవడం నాకు తెలుసు.

చిన్నవాడు ముందు కార్జం తీసుకున్నాడు, తర్వాత కాలు. ఏదో మ్యాచి గురించి చెబుతూ ఇష్టంగా తిన్నాడు. వాడు చేసిన తప్పేమీ లేదు. ఆకలి వయసు, ఎన్నాళ్ళకో ఇంట్లో కూర వండారు. పెద్దవాడు అన్నం కలపలేదు. గిన్నెలోకి ఒకసారి చూశాడు, తల్లి వైపు ఒకసారి చూశాడు. "అవ్వా, నువ్వు తిన్నవా? చిన్నమ్మకు పెట్టినవా?" అని గిన్నె మా వైపు జరిపాడు.

ఆమె పీట మీది నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఎంతసేపటికీ రాలేదు.

మరునాడు చిన్నవాడి పేరు మీద వేలిముద్ర వేసింది.

లైను లైనంతా నోరు నొక్కుకుంది. బోథ్ నుంచి ఆమె అన్న వచ్చి గుమ్మంలోనే తిట్టాడు. "పెద్దోని నోట్ల మన్ను కొట్టినవ్ గదనే! చిన్న కొడుకంటె అంత పానమా?" ఆమె తల ఎత్తి, అందరూ వినేలా, "ఔ. నాకు చిన్నోడంటెనే పానం. ఏమైతది?" అంది. పెద్దవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. "గట్లనా అవ్వా" అన్నాడు. అంతే. గొంతు కూడా పెంచలేదు. వారం తిరిగేసరికి సంచి సర్దుకుని మేనమామ వెంట వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు గల్ఫ్ వెళ్ళి వచ్చాడు, తర్వాత బోథ్ దగ్గరే కౌలుకు పత్తి వేసుకున్నాడు.

నేను ఊరుకునే మనిషిని కాదు. గోడ దగ్గర పట్టుకుని కడిగేశాను. "ఏందక్కా గిది? పెద్దోడు ఏం పాపం చేసిండు? అంత మంచి పోరనికి అన్యాయం చేస్తవా?" అని. ఆమె నూకలు చెరుగుతోంది. చాట కింద పెట్టింది.

"మంచోడు గనుకనే పంపలే చెల్లె. వాడు వాళ్ళ బాపు అసొంటోడు. బాయిల బండ కూలిందనుకో, ఎవలో మొత్తుకున్నరనుకో, ఎనుకకు తిరుగుతడు. తిరుగకుంట ఉండలేడు. చిన్నోడు తిరుగడు. వాని పానం వాడు సూసుకొని ముందుగాల పైకొస్తడు. బాయికి గసొంటోడే గావాలె."

ఉద్యోగం అనుకున్నాం మేమందరం. ఆమెకు అది ఉద్యోగమే కాదు.

"మరి ఆ మాట పెద్దోనికి చెప్పరాదా? పోరడు నీ మీద మనసు విరగ్గొట్టుకుని పోయిండు" అన్నాను.

"ఏమని చెప్పాలె? నిన్ను ఉంచుకున్న, నీ తమ్ముని పంపిన అనా? వాడు ఒప్పుకుంటడా? గా నిమిషమే పోయి బాయిల దుంకుతడు. ఇగ చిన్నోనికి ఏమని చెప్పాలె? నువ్వు ఒక్కనివే తింటవు బిడ్డా, గందుకె నిన్ను పంపిన అనాల్నా?" అని, చాట మళ్ళీ చేతిలోకి తీసుకుని, నేను ఇప్పటికీ మరవలేని మాట అంది.

"ఇంకొకటున్నది సుల్తాన్. వాడు బతికొస్తడని పంపిన్నా, లేకుంటె వాడు పోయినా ఓర్సుకుంటనని పంపిన్నా? నాకే తెల్వదు. రోజు అడుగుతున్న నన్ను నేను. తెలుస్తలేదు."

ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని. ఆ సామెత అప్పుడే నా మనసులోకి వచ్చింది, వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ తర్వాత ఆమె పుంజులను ఏరడం మానేసింది. నూకలు చల్లేది, చల్లి ముఖం తిప్పుకుని ఇంట్లోకి పోయేది. ఏది పిలుస్తోందో, ఏది మింగుతోందో చూసేది కాదు. పీట మూలకు పోయింది. పుంజులు పెరిగిపోయాయి. పెరట్లో రోజూ కొట్లాట, రక్తాలు, ఎగిరిన ఈకలు. పెట్టల వీపులు బోడి అయిపోయాయి. లైనులో ఆడవాళ్ళు, "బోథ్ అక్కా, ఏందీ లొల్లి, రెండు కోయరాదా?" అంటే, "ఏది కోయాల్నో మీరే చెప్పుండ్రి" అనేది. ఎగతాళి అనుకుని నవ్వేవాళ్ళు. చివరికి చిన్నవాడే సెలవు రోజున చేతికి దొరికినదాన్ని పట్టుకుని కోసేవాడు. ఆమె ఆ పూట ఇంట్లో ఉండేది కాదు, మా ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి కూర్చునేది.

చిన్నవాడు బాయిలోకి దిగిన రోజు నుంచి, వాడి షిఫ్టు అయ్యేదాకా ఆమె మెతుకు ముట్టలేదు. ఏ షిఫ్టయినా అంతే. వాడు ఇంటికి వచ్చి, బొగ్గు ముఖం కడుక్కుని, "అవ్వా, ఇంక తినలేదా? నా కోసం ఆగినవా?" అని మురిసిపోయేవాడు. స్నేహితుల ముందు గొప్పగా చెప్పుకునేవాడు. "మా అవ్వకు నేనంటె గంత పానం. నేను రాంది బుక్క ముట్టది." పెళ్ళయ్యాక భార్యకు కూడా అదే చెప్పాడు. ఆ పిల్ల నాతో, "మా ఆయనంటె మా అత్తకు పిచ్చి ప్రేమ చిన్నత్తా" అంది. నేను ఔనన్నాను. వాడు బాధ్యత తెలుసుకున్నాడు, తాగుడు జోలికి పోలేదు, తల్లిని కాలు కింద పెట్టనివ్వలేదు. మంచి కొడుకయ్యాడు. అదే ఆమెను ఎక్కువ తిన్నది. వాడు ఒక్క చెడ్డ పని చేసినా ఆమెకు కొంచెం ఊపిరి ఆడేదేమో.

"ప్రేమతోటి ఆగుతున్న అనుకుంటుండు వాడు" అంది నాతో ఒకసారి. ఇంకేమీ అనలేదు.

పెద్దవాడు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. ఎప్పుడూ లోపలికి రాలేదు. గేటు దగ్గర నిలబడి, కందిపప్పో జొన్నలో తెచ్చిన సంచి దించి, "మంచిగున్నవా అవ్వా" అని అడిగేవాడు. వాడు వస్తున్నాడని తెలిస్తే ఆమె తెల్లారకముందే లేచేది. మసాలా రోట్లో నూరేది, మిక్సీ ముట్టేది కాదు. వాడు రాగానే, "కాళ్ళు కడుక్కో బిడ్డా, బువ్వ పెడుత" అనేది. వాడు నవ్వుతూనే, "తినే వచ్చిన అవ్వా" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. బోథ్ నుంచి పొద్దున్నే బయల్దేరిన మనిషి ఎక్కడ తిని వస్తాడు? ఆమె మళ్ళీ అడిగేది కాదు. గేటు పట్టుకుని, బస్సు పోయిన దారి వైపు తల వంచి నిలబడేది. కూర గిన్నె మా ఇంటికి వచ్చేది. ఆ కూర పారేయడానికి నాకు చేయి వచ్చేది కాదు.

ఎన్నిసార్లు ఒట్టు తీసి గట్టు మీద పెట్టి చెప్పేద్దామనుకున్నానో. చెబితే తల్లీకొడుకులు కలుస్తారు, మరి చిన్నవాడు? రోజూ వాడు మా ఇంటి ముందు నుంచే బాయికి పోయేవాడు. "చిన్నమ్మా, పోయొస్త" అని చేయి ఎత్తేవాడు. ఆ ముఖం చూసి నా నోరు నేనే నొక్కుకున్నాను.

ఆమె జబ్బు పడి ఎక్కువ రోజులు లేదు. జ్వరమని ఆసుపత్రికి తీసుకుపోయారు, ఊపిరితిత్తులకు ఎక్కిందన్నారు. పెద్దవాడికి కబురు పంపారు. వాడు మంచిర్యాల బస్టాండులో దిగేసరికే ప్రాణం పోయింది. చిన్నవాడు చిన్నపిల్లవాడిలా దొర్లి ఏడ్చాడు. పెద్దవాడు కొరివి పెట్టాడు. కంట తడి లేదు. లైనులో ఆడవాళ్ళు, "గుండె బండ చేసుకున్నడు, ఇంకా కోపం పోలే" అని గుసగుసలాడారు.

దినాల రోజు మధ్యాహ్నం. ముందు ఇంట్లో చుట్టాలు పంక్తిలో తింటున్నారు, చిన్నవాడు గిన్నె పట్టుకుని అందరికీ మారు వడ్డిస్తున్నాడు. నేను పెరట్లోకి వచ్చేసరికి పెద్దవాడు గోడకు ఆనుకుని ఒక్కడే ఉన్నాడు. వాడిని చూడగానే నాకు ఆపుకోలేని కోపం వచ్చింది. ఆమె గేటు దగ్గర నిలబడటాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఇప్పుడన్న కడుపు సల్లబడ్డదా?" అన్నాను. "ఒక్కనాడన్న ఇంట్ల కాలు పెడితివా? తెల్లారకముందు లేసి వండేది నీ కోసం. ఒక్క బుక్క, ఒక్కటంటె ఒక్క బుక్క తింటె నీదేం పోవు? గా ఆశతోటే పాయె గదరా ఆమె."

వాడు తల దించుకుని విన్నాడు. నేను ఆగాక, "అవ్వ చేతి కూర ఎట్లుంటదో మర్సిపోయిన చిన్నమ్మా" అన్నాడు. అప్పుడు చూశాను వాడి కళ్ళు.

"అంత కావరం ఎందుకురా మరి? ఒక నౌకరి కోసం..."

"నౌకరి కోసం కాదు. అవ్వ నన్నెందుకు పంపలేదో నాకెరుకే."

నేను వాడి పక్కకు జరిగి గోడ పట్టుకున్నాను. "ఎప్పటి సంది?"

"గా నాటి సందే. కూర గిన్నె నడుమ పెట్టి, పీటేసుకొని కూసున్నది సూడు. చిన్నప్పటి సంది కోళ్ళ ముంగట అవ్వ గట్ల కూసునుడు నేను సూడలేదా? తమ్ముడు కార్జం తీసుకుంటుంటె వాని చెయ్యి పట్టుకొని ఆపుదామనుకున్న. ఆపితె వానికి తెలిసిపోతది. నేనే ముందు తీసుకుంటె అయిపోవు, నన్నే పంపుతుండె. గని అవ్వ తినలే గద చిన్నమ్మా, ఎట్ల తీసుకుంట?"

లోపల నుంచి చిన్నవాడి గొంతు వినిపించింది, ఎవరినో ఇంకొంచెం పెట్టుకోమని బతిమాలుతున్నాడు. ఆ గొంతు అటు దూరమయ్యాక అడిగాను.

"ఎరుకైనోనివి అవ్వకన్న చెప్పరాదురా? నాకు కోపం లేదవ్వా అని ఒక్క మాట. ఆమె ఎంత నలిగిందో నీకు తెల్వదు."

"చెప్పనీకె లేకపాయె" అన్నాడు. అటు ఇటు చూసి, గొంతు తగ్గించాడు. "బాయిల దిగే ముందు రోజు తమ్ముడు నా తానికి బోథ్ వచ్చిండు. వణుకుతుండు. 'అన్నా, బాపు పోయిన తాన్నే అవ్వ నన్నెందుకు పంపుతుంది? నేను పోయినా ఫికర్ లేదనా?' అని అడిగిండు. ఏం జెప్పాలె నేను? 'నువ్వంటె అవ్వకు పానంరా, గందుకె నౌకరి నీకిచ్చింది, నాకు కడుపుల మంటగున్నది, ఇగ గా ఇంట్ల మెతుకు ముట్ట' అని చెప్పిన. అప్పుడు నిమ్మలపడ్డడు. అట్ల చెప్పి, మల్ల నేను వచ్చి అవ్వ ముంగట కూసొని తింటె వాడు నమ్ముతడా?"

వాడు భుజం మీది తువ్వాలతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు.

"గా మాట పట్టుకొనే వాడు ఇయ్యాలటికి బాయిల దిగుతుండు చిన్నమ్మా. దాన్ని ఎట్ల గుంజుకుందు?"